ఎనభై మూడో టేపు

ఆ వేసవిలో కళ్ల డాక్టరు వదినని అక్షరాలు చదవమనలేదు. తన ముఖంలోకి చూడమన్నాడు. "నా ముక్కు కనిపిస్తోందా అమ్మా?" అని అడిగాడు.

"చెవులు కనిపిస్తున్నాయండీ. మధ్యలో మీరు లేరు," అంది వదిన.

అన్నయ్యా నేనూ ఆమెకి చెరోపక్కన నిలబడి ఉన్నాం. అంచుల్లో చూపు మిగులుతుందనీ, నడిమధ్యలో ఉన్న మరక మాత్రం పెరుగుతూ పోతుందనీ, దానికి మందు లేదనీ డాక్టరు చెప్పాడు. మనుషుల ముఖాలు గుర్తుపట్టే చూపు మహా అయితే మూడు నెలలు ఉంటుందట. ముందే పోయినా పోవచ్చు. వదిన టైలరు. సూదిలో దారం ఎక్కించడం చేతకాక అప్పటికే రెండు నెలలుగా పక్కింటావిడ చేత ఎక్కించుకుంటోందని మాకు ఆ రోజే తెలిసింది.

బయటికి వచ్చాక వదిన మెట్ల మీద ఆగింది.

"ఏమండీ, నేను పిచికని చూడాలి," అంది.

పిచిక వాళ్ల కూతురు. ఆరేళ్ల వయసులో పోయింది. పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లలో ఆ ఇంటివాళ్ల నోట ఆ పేరు వినడం నాకు అదే మొదలు. అన్నయ్య తల ఊపాడు. ఊపినట్టు వదినకి కనిపించలేదేమో, మళ్లీ అడిగింది. "చూపిస్తాను," అన్నాడు.

పిచిక ఎలా పోయిందో మా అందరికీ తెలుసని అనుకునేవాళ్లం. అన్నయ్య ఇంటి మీద అంతస్తు కడుతున్న రోజులవి. శ్లాబు పడింది, చుట్టూ పిట్టగోడ ఇంకా లేవలేదు. అన్నయ్య పిల్లని మా అమ్మకి అప్పగించి కెమెరా బ్యాటరీ కోసం కిందికి వెళ్లాడు. అమ్మ ఏదో పరధ్యానంలో ఉంది. పిల్ల అంచు దాటి పడిపోయింది. అన్నయ్య చెప్పింది ఇదే. అమ్మ కాదనలేదు. కర్మకాండలు ముగిసిన రోజున వదిన అమ్మతో ఒకే మాట అంది: "మీరు నా కంటికి కనిపించకండి." అమ్మ బట్టలు సర్దుకుని నా దగ్గరికి వచ్చేసింది. అప్పట్లో నేను వేరే ఊళ్లో ఉద్యోగంలో చేరి ఆర్నెల్లయింది. అమ్మ కోసమే బదిలీ అడిగి తిరిగొచ్చాను. రెండు గదుల వాటాలో ఇద్దరం ఉన్నాం. ఆమెని బాగానే చూసుకున్నాననుకుంటాను. కానీ ఒకసారి, పాలు పొంగిపోయాయని మొదలైన గొడవలో, "ఉన్న ఒక్క పిల్లని చూసుకోలేకపోయావు, పాలు ఏం చూస్తావు?" అన్నాను. అమ్మ పొయ్యి తుడుస్తూ ఉండిపోయింది.

అన్నయ్యకి పెళ్లికి ముందు నుంచీ కెమెరా పిచ్చి. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. సాయంత్రం ఇంటికి రాగానే చేతులకి అంటిన గ్రీజు కడుక్కుని కెమెరా పట్టుకునేవాడు. పిచిక పుట్టిన రోజు నుంచీ తీసినవి ఎనభై మూడు టేపులు, ఒక్కోటీ గంట. పిల్ల పోయిన మరుసటి ఏడాది వాటన్నిటినీ తలుపేసుకుని హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించాడు. ఎక్కించి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆ తరవాత కెమెరా ముట్టుకోలేదు.

ఇప్పుడు వాటిని వదినకి చూపించాలంటే చిక్కొకటి ఉంది. అవి కెమెరాలోంచి దించినవి దించినట్టే ఉన్న భారీ ఫైళ్లు. కొత్త టీవీ వాటిని తెరవనంటుంది. తెరిచినా మసక బొమ్మ వదినకి ఆనదు. వెలుగు పెంచి, బొమ్మ పెద్దది చేసి, టీవీకి అర్థమయ్యే రకంలోకి మార్చాలి. అన్నయ్య దగ్గరున్న కంప్యూటరు ముసలిది. గంట టేపుని మార్చడానికి దానికి పదకొండు గంటలు పట్టేది. ఎండలకి వేడెక్కి నడుమలో ఆగిపోయేది కూడా. పొద్దున డ్యూటీకి వెళ్తూ ఒకటి పెట్టి వెళ్లేవాడు, సాయంత్రానికి అది తయారయ్యేది. రోజుకొకటి.

వదిన టీవీకి జానెడు దూరంలో పీట వేసుకుని, ముఖం ఓ పక్కకి తిప్పి, కంటి కొసలతో చూసేది. "గింజని చూసే కోడిలా ఉన్నాను కదూ?" అని తనే నవ్వేది. ఉయ్యాల్లో పిచిక. నూనె రాసుకుని మెరుస్తున్న పిచిక. నిద్రపోతున్న పిచిక గంటకి గంట, ఎందుకంటే అన్నయ్యకి అప్పట్లో ఏది తీయాలో ఏది అక్కర్లేదో తెలిసేది కాదు. వదిన ఒక్క నిమిషం కూడా దాటవేయనిచ్చేది కాదు.

మూడు వారాలయ్యాక ఓ ఆదివారం నేను వెళ్లేసరికి టీవీ కట్టేసి కూర్చుంది.

"పందొమ్మిది అయ్యాయి. ఇంకా అది బోర్లాపడి పాకుతోంది," అంది. "నాకు దాని మాటలు కావాలి. నిన్న మీ అన్నయ్య గడ్డం గీసుకున్నాడో లేదో తెలీలేదు, చెయ్యి పెట్టి చూడాల్సొచ్చింది. ఈ లెక్కన అది మాట్లాడే వేళకి నాకు చూపుండదు."

"అయితే చివరివి ముందు చేస్తే సరిపోతుంది కదా అన్నయ్యా?" అన్నాను.

అన్నయ్య పేపరు మడత పెట్టాడు. "వరసగా చూస్తేనే బాగుంటుంది," అన్నాడు. "కలగాపులగం చేస్తే ఏది ఎప్పటిదో తెలీదు."

"నాకు తెలుస్తుంది," అంది వదిన.

"వరసగానే చేద్దాం," అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

మొండితనం అనుకున్నాను. నాకు కోపం వచ్చింది.

మర్నాడు ఆఫీసు నుంచి నేరుగా కంప్యూటర్ షాపుకి వెళ్లాను. షాపాయన నేను చెప్పింది అంతా విని, ఏదో జబ్బు పేరు కనిపెట్టినట్టు తల పంకించాడు. "మీ మిషను ప్రతి బొమ్మనీ తనే నమిలి మింగుతోందమ్మా. పళ్లు లేని ముసలాయనకి చెరుకు గడ ఇచ్చినట్టు. ఈ కార్డు పెట్టండి. వీడియో మార్చడానికే ఇందులో విడిగా ఓ చిప్ ఉంటుంది. అదొక్క పనే చేస్తుంది, తెగ చేస్తుంది," అన్నాడు. కంప్యూటరు మూత తీసి కార్డు ఎలా గుచ్చాలో, కరెంటు తీగ ఎక్కడ తగిలించాలో కాగితం మీద బొమ్మ గీసిచ్చాడు.

మంగళవారం సెలవు పెట్టాను. అన్నయ్య డ్యూటీకి వెళ్లాక వెళ్లి మూత విప్పాను. లోపల దుమ్ము గుప్పెడు వచ్చింది. కార్డు గుచ్చి, స్క్రూ బిగించి, వేడెక్కి నడుమలో ఆగిపోయి ఉన్న ఇరవయ్యో టేపు మళ్లీ పెట్టాను. మిగిలిన సమయం తెర మీద కనిపించింది: పది గంటల యాభై నిమిషాలు. ప్రాణం ఉసూరుమంది. షాపాయనకి ఫోన్ చేశాను.

"కార్డు పెడితే చాలదమ్మా, పని దానికి అప్పజెప్పాలి. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో చూడండి, ఎవరు మార్చాలో ఎంచుకోమని ఓ గడి ఉంటుంది. అక్కడ ఇంకా మీ ముసలాయనే ఉండుంటాడు."

నిజంగానే ఉన్నాడు. మార్చాను. మళ్లీ మొదలుపెట్టాను. పదిహేడు నిమిషాలు అని చూపించింది. నమ్మలేక వదినని పిలిచాను. ఆమె వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆకుపచ్చ గీత ముందుకు పరుగెత్తడం కంటి కొసలతో చూసింది.

"కదులుతోందా?"

"పరుగెడుతోంది వదినా."

నా తల మీద ముద్దు పెట్టుకుంది. ఆడపడుచునని ఎప్పుడూ కాస్త దూరంగానే ఉండే మనిషి.

మిగిలిన ఫైళ్లన్నీ వరసలో పెట్టేశాను. ఒకటయ్యాక ఒకటి అదే తీసుకుంటుంది. సాయంత్రం అన్నయ్య వచ్చేసరికి ముందుగదిలో పిచిక గొంతు మోగుతోంది, "అమ్మా, నా చెప్పు కనపట్లే," అని. వదిన టీవీకి ముఖం ఆనించినంత దగ్గరగా కూర్చుని, "మంచం కింద చూడవే," అంటోంది.

అన్నయ్య చెప్పులు విప్పకుండానే లోపలికి వచ్చాడు. కంప్యూటరు ముందు నిలబడ్డాడు.

"ఎన్ని అయ్యాయి?"

"నలభై ఏడోది నడుస్తోంది. రేపటికల్లా మొత్తం అయిపోతాయి," అన్నాను గొప్పగా.

ఓసారి ముందుగది వైపు చూశాడు. తరవాత, "కార్డు కాలిపోతుంది, కాసేపు ఆపు," అన్నాడు. చెయ్యి పెట్టి చూశాను. వేడిగా లేదు. అదే చెప్పాను. "నువ్వెళ్లు, అమ్మ ఒక్కతే ఉంటుంది. మిగతావి నేను చూసుకుంటాను," అన్నాడు. నాకు సంతోషమనిపించింది. తొమ్మిదేళ్ల తరవాత అమ్మ మాట ఆ ఇంట్లో ఎత్తాడు కదా అని.

నా ఉద్యోగం పాత దస్త్రాలు స్కాన్ చేయించడం. కట్టలో ఎన్ని కాగితాలు లోపలికి వెళ్లాయో అన్నీ బయటికి వచ్చాయా లేదా అన్నది చూసి సంతకం పెట్టాలి. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? గురువారం మధ్యాహ్నం వెళ్లి చూస్తే తయారైనవి ఎనభై రెండు ఉన్నాయి. అసలు డిస్కులో ఎనభై మూడు. చివరిది వరసలోంచి ఎవరో తీసేశారు. పాడైన ఫైలేమో, మధ్యలో ఆగిపోతోందని అన్నయ్య పక్కన పెట్టాడేమో అనుకున్నాను. పాడైందో లేదో చూద్దామని తెరిచాను. వదిన ముందుగదిలో ముప్పై నాలుగో టేపు చూస్తోంది. ఆమెకి వినబడి గందరగోళం కాకుండా చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

పాడవలేదు. శ్లాబు మీద ఎండ. పసుపు గౌను వేసుకుని పిచిక గిరగిరా తిరుగుతోంది. దాని పక్కన మా అమ్మ, జుట్టు ఇంకా సగం నల్లగా. అన్నయ్య గొంతు దగ్గరగా వినిపించింది.

"అమ్మా, బ్యాటరీ అయిపోయేలా ఉంది. కింద అల్మారాలో ఇంకోటుంది, కాస్త తెచ్చిపెట్టవూ."

"పిల్లని పట్టుకో నాయనా. గోడ లేదు."

"నేనున్నాగా."

అమ్మ పిచిక చెయ్యి వదిలి, తల మీద ఓసారి నిమిరి, బొమ్మలోంచి తప్పుకుంది. మెట్లు దిగుతున్న చప్పుడు వినబడింది.

"పిచికా, కాస్త వెనక్కి జరుగు. గౌను మొత్తం పడాలి."

"ఇక్కడా?"

"ఇంకొంచెం."

"ఇక్కడా నాన్నా?"

"ఇంకొక్క అడుగు."

ఆ తరవాత బొమ్మలో ఆకాశం ఒక్కటే ఉంది. కెమెరా కింద పడింది. పక్కకి ఒరిగిన శ్లాబూ, ఓ ఇటుకల వరసా నాలుగు నిమిషాల పాటు అలా కనిపిస్తూనే ఉన్నాయి. ఎక్కడో కింద నుంచి అమ్మ గొంతు, మనిషి గొంతులా లేదు. అప్పుడు బ్యాటరీ అయిపోయింది.

ముందుగదిలో వదిన దేనికో పగలబడి నవ్వింది. నేను ఇయర్‌ఫోన్లు తీసి చుట్టి పెట్టాను. వెళ్తున్నానని చెప్పి వచ్చేశాను.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, ఆ రోజు నువ్వు కిందున్నావు."

మడత పెడుతున్న చీర అంచులు కలిపి సరిచేసింది. "ఎవరు చెప్పారు?"

"టేపులో ఉంది."

"వాడు అది ఉంచాడా?" అంది. ఆమె గొంతులో ఆశ్చర్యం ఒక్కటే ఉంది. "వదినకి చూపించావా?"

"లేదు."

"చూపించకు."

"ఎందుకమ్మా? తొమ్మిదేళ్లు! ఎందుకు ఊరుకున్నావు?"

"ఏం చెప్పమంటావు?" చీర పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది. "వాడు మెట్లు దిగివచ్చి, మీ వదిన రాగానే ఆ మాట అనేశాడు. నోట్లోంచి వచ్చేసింది. వాడి ముఖం నువ్వు చూడలేదు. నేను కాదంటే ఆ పూటే ఆ పిల్లకి మొగుడు కూడా లేకుండా పోయేవాడు. వాడు బతికేవాడు కాదు. నామీద కోపం పెట్టుకునైనా ఇద్దరూ ఒకచోట ఉన్నారు కదా."

"నాకైనా చెప్పొచ్చు కదా."

అమ్మ నా వైపు చూసింది. "నువ్వు అడగలేదు," అంది. "అందరిలాగే నువ్వూ నమ్మావు."

తిట్టినట్టు అనలేదు. తిట్టి ఉంటే ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని.

అన్నయ్యని ఇంట్లో అడిగే ధైర్యం లేక మర్నాడు అతను పనిచేస్తున్న చోటికి వెళ్లాను. ఏదో పెద్ద ఆఫీసు భవనం. పై కప్పు కింద లిఫ్టు మోటారు ఉండే చిన్న గదిలో ఉన్నాడు, గ్రీజు డబ్బా పక్కన. నన్ను చూడగానే అర్థమైపోయింది.

"లెక్క చూసుకున్నావన్నమాట," అన్నాడు.

"వరసగా చేద్దామన్నది ఇందుకేనా? రోజుకొకటి చొప్పున చేసి, అక్కడిదాకా వచ్చేలోపు ఆమెకి చూపు పోతుందని?"

ఇనుప తాడు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"కళ్లు పోతే చెవులు పోవు అన్నయ్యా."

"తెలుసు."

"మరి ఎందుకు ఉంచావు? అప్పుడే చెరిపేస్తే పోయేదిగా?"

"అందులో దాని ఆఖరి నిమిషాలున్నాయి," అన్నాడు. "గిరగిరా తిరుగుతుంది. చూశావుగా. ఎలా చెరపను?"

గ్రీజు డబ్బాకి మూత పెట్టి, "నువ్వే చెప్పు ఆవిడకి. నావల్ల కాదు," అన్నాడు. నావల్ల కూడా కాదన్నాను. అంతే. నేను కిందికి మెట్ల మీదుగానే దిగి వచ్చాను.

ఎవరమూ చెప్పలేదు. పది రోజులు గడిచాయి. వదిన పొద్దున లేచింది మొదలు చూస్తూనే ఉంది. కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేసింది. ఓ రోజు సాయంత్రం నేను వెళ్లేసరికి అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. టీవీ కట్టేసి ఉంది.

"ఎనభై రెండూ అయ్యాయి," అంది వదిన. "పెట్టెల మీద నంబర్లు వేసింది నేనే కదా. ఎనభై రెండు దాకా వేశాను. ఆ రోజు కెమెరాలో ఉన్నదానికి వేయలేదు. అందులో ఏమీ లేదా?"

నేను నేల వైపు చూశాను.

"పసుపు గౌను ఆ పూటే కుట్టడం అయింది. దానికి వేయమని అత్తయ్యకిచ్చి నేను గుడ్డల కోసం బజారుకి వెళ్లాను. ఆ గౌనులో నేను దాన్ని చూసింది ఆస్పత్రిలోనే. బతికుండగా ఎలా ఉందో చూద్దామని. ఒక్క నిమిషమైనా తీసే ఉంటారు కదండీ మీరు?"

అన్నయ్య, "ఉంది," అన్నాడు.

లేచి కంప్యూటరు దగ్గరికి వెళ్లాడు. దాన్ని మార్చడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. టేపంతా ఖాళీ, మొదట్లోదే కాస్త. తెచ్చి టీవీకి తగిలించాడు. తను కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడ్డాడు. నేను తెరని చూడలేదు, వదినని చూశాను. ముఖం పక్కకి తిప్పుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఆ నాలుగు నిమిషాల ఇటుకల వరస కూడా చివరిదాకా చూసింది.

అయిపోయాక, "గౌను పొడుగు సరిగ్గానే కుట్టాను," అంది.

చేత్తో తడిమి టీవీ కట్టేసింది.

"అత్తయ్య కిందికి వెళ్లారు."

"అవును," అన్నాడు అన్నయ్య.

"బ్యాటరీ తెచ్చారా?"

"ఏమిటీ?"

"ఆవిడ బ్యాటరీ తెచ్చారా అని."

"తెచ్చింది," అన్నాడు. "నేను దిగేసరికి చేతిలోనే ఉంది."

వదిన తల ఊపింది. అన్నయ్య ఎదురుచూశాడు. అరుస్తుందేమో, పొమ్మంటుందేమో అని నేనూ ఎదురుచూశాను. ఆమె లేచి గోడ పట్టుకుని లోపలికి వెళ్లి పడుకుంది. మరుసటి రోజూ ఏమీ అనలేదు, ఆ మరుసటి రోజూ అనలేదు. అతను వడ్డిస్తే తింది. నీళ్లిస్తే తాగింది. మూడో రోజున అన్నయ్య పనిముట్ల సంచీతో పాటు బట్టల సంచీ కూడా పట్టుకుని నా గుమ్మం ముందు నిలబడ్డాడు. "అలా ఉండలేను," అన్నాడు.

అమ్మ అతన్ని లోపలికి రమ్మంది. కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చింది. తరవాత వంటగదిలోకి వచ్చి నా మీద విరుచుకుపడింది. నా జన్మలో ఆమెకి అంత కోపం రావడం చూడలేదు.

"తొమ్మిదేళ్లు మోశాను. రెండ్రోజుల్లో దింపేశావు, కార్డు పెట్టి!" అంది. "ఏం సాధించావు? చెప్పు. ఆ కళ్లు లేని పిల్ల ఇప్పుడు ఒక్కత్తీ ఏం చేస్తుంది?"

వదిన పిచికని చూసింది కదా అని ఒక్కోసారి అనుకుంటాను. ఆ మాట అమ్మతో అనలేదు.

తొలి వానలు పడ్డ వారంలో అమ్మ తనంతట తనే బయల్దేరింది. నేను వెంట వెళ్లాను. తలుపు తీసే ఉంది. వదిన పీట మీద కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకి తల తిప్పింది. అప్పటికి మరక మొత్తం కమ్మేసింది. అంచుల్లో కాస్త వెలుగు తప్ప ఏమీ లేదు.

"నేనమ్మా," అంది అమ్మ.

వదిన లేచి నిలబడింది. "మీరెలా ఉన్నారో నాకు కనిపించట్లేదు అత్తయ్యా," అంది.

"ముసలిదాన్నయ్యాను. అంతకంటే ఏం లేదు," అంది అమ్మ. కొంగు దోపుకుని వంటగదిలోకి వెళ్లింది. ఏ గిన్నె ఎక్కడుందో వెతుక్కోవడం వినిపించింది.

అమ్మ ఆ రోజు తిరిగి రాలేదు. అప్పటి నుంచీ అక్కడే ఉంటోంది. అన్నయ్య నా దగ్గర, అమ్మ మంచం మీద. ఉదయం వెళ్తాడు, సాయంత్రం వస్తాడు, చేతులు కడుక్కుంటాడు. నేను అన్నం పెడతాను. వదిన అతన్ని రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. అతను అడగలేదు.

నేను ఆదివారాలు అటు వెళ్తుంటాను. ఆ ఎనభై రెండు టేపులూ రోజూ ఆడుతూనే ఉంటాయి. వదిన వింటుంది, అమ్మ పక్కన కూర్చుని చూసి చెబుతుంది. "ఇప్పుడు నీ మిషన్ కింద దూరింది. దారం ఉండ లాగింది. ఇదిగో, పారిపోయింది." మొన్న వెళ్లినప్పుడు మాటలు లేని భాగమేదో నడుస్తోంది. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఇటు చూస్తోందా అత్తయ్యా?" అంది వదిన.

"చూస్తోంది."

"నవ్వుతోందా?"

"ఆ. నీ వైపే చూసి నవ్వుతోంది."

నేను తెర వైపు చూశాను. పిచిక వీపు మాకు పెట్టి, రోడ్డు మీద ఎక్కడికో నడిచి వెళ్లిపోతోంది.